చిటికెన వేలి మందాన జుట్టు

నేను జుట్టు కత్తిరించుకునేదాన్ని. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అమ్మ చూస్తుందేమోనన్న భయంతో డైరీలో కూడా రాయలేదు.

వినేవాళ్ళకి ఇదో పెద్ద నేరంలా అనిపించదు. కానీ మాది చర్చికి వెళ్ళే కుటుంబం. ఆడపిల్ల జుట్టుకి కత్తెర తగలకూడదని మా మామ్మ నమ్మకం. మామ్మంటే నాన్నని కన్న తల్లి. అనకాపల్లిలోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్ళు ఆయాగా పని చేసింది. పొద్దున్న ప్రార్థన గంట కొట్టేలోపు ముప్ఫై తలలు దువ్వి జడలు వేసేదట. ఆవిడ చెయ్యి పడితే జుట్టు పెరుగుతుందని ఊళ్ళో పేరు. పని మానేశాక కూడా, విషజ్వరం వచ్చి తగ్గిన పిల్లలకి జుట్టు ఊడిపోతుంటే తల్లులు మా ఇంటికి తీసుకొచ్చి మొదటి నూనె ఆవిడ చేత పెట్టించేవారు. ఎలమంచిలి నుంచి ప్యాసింజరు బండిలో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరైనా మెచ్చుకుంటే, ఇది దేవుడిచ్చిన సెయ్యి, ఇందులో నా గొప్పేటుంది అనేది.

నేను డిగ్రీలో చేరేనాటికి ఆవిడకి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. బైబిలు చదవడం, బియ్యం ఏరడం, వీధి గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరించడం ఒక్కొక్కటే పోయాయి. మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే.

ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చికి బయల్దేరే ముందు నా జడ కొలిచేది. మెడ దగ్గర బొటనవేలు ఆనించి, జాన తర్వాత జాన వేసుకుంటూ కిందికి దిగేది. మూడు జానలు, రెండు వేళ్ళు. నా జడ మోకాళ్ళు దాటాలని ఆవిడ కోరిక. ఆవిడ ఉండగానే దాటాలని నా తొందర.

చివర్లు కత్తిరిస్తూ ఉంటే జుట్టు తొందరగా పెరుగుతుందని క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి చెప్పింది. వాళ్ళ అక్క విశాఖపట్నంలో బ్యూటీపార్లర్ పని నేర్చుకుంటోంది, అందుకని ఆ మాటకి విలువ ఎక్కువ. నాకూ సబబుగానే తోచింది. చెరకు కొట్టేశాక అవే మొదళ్ళ నుంచి కార్శి తోట గుబురుగా లేవడం ప్రతి ఏడూ చూస్తున్నదాన్నే కదా. అమ్మ కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర తీసుకుని, స్నానానికి వెళ్ళినప్పుడు చిటికెన వేలి మందాన కత్తిరించుకున్నాను. ఆ ముక్కల్ని కాగితంలో పొట్లం కట్టి, కాలేజీకి వెళ్తూ రైల్వే గేటు అవతల తుప్పల్లో పడేశాను. తర్వాత ప్రతి నెలా అదే పని.

ఆ నెల మామ్మ కొలిచింది. మూడు జానలు, రెండు వేళ్ళు. పై నెల కూడా అంతే. "అన్నం మానేసి పుస్తకాలు మేత్తన్నావు, ఇంకేటి పెరుగుద్దే గుంటా" అని నవ్వింది. నేనూ నవ్వాను. నాలుగో నెల, కొలిచిందే మళ్ళీ కొలిచింది. చివర్లు వేళ్ళ మధ్య నలిపి, గరుగ్గా ఉన్నాయేటని అడిగింది. కొత్త షాంపూ పడలేదని చెప్పాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం. ఆ తర్వాత కొలతలప్పుడు మామ్మ మాట్లాడడం మానేసింది.

ఎనిమిదో నెలలో వెనక వీధి ఆవిడ కూతుర్ని తీసుకొచ్చింది. పదేళ్ళ పిల్ల, నడినెత్తి మీద చర్మం కనపడుతోంది. నూనె గిన్నె మామ్మ పక్కనే పెట్టారు. మామ్మ దాన్ని చేత్తో తడిమి దూరంగా జరిపేసింది.

"నేదమ్మా. దేవుడు ఈ సెయ్యి తీసేసుకున్నాడు. నా మనవరాలిదే ఎనిమిది నెల్ల బట్టి ఎదగలేదు, మీ పిల్లకేటి సేత్తాను?"

వెనక వీధి ఆవిడ బతిమాలింది. అమ్మ కూడా చెప్పి చూసింది. నేను తలుపు వెనకాలే ఉన్నాను. ముందుకి రెండడుగులు వేసి ఒక్క మాట చెబితే అయిపోయేది. తలుపు వెనకాలే ఉండిపోయాను. ఆ పిల్ల వెళ్ళిపోతూ తలకి స్కార్ఫు కట్టుకుంది.

మర్నాడు కాలేజీ అయ్యాక లైబ్రరీకి వెళ్ళి శరీరం గురించిన పుస్తకాలన్నీ తీశాను. ఒకదాన్లో దొరికింది. జుట్టు పెరిగేది కుదురులో. బయట కనపడేదానికి ప్రాణం ఉండదు, చివర కత్తిరించిన సంగతి కుదురుకి తెలియను కూడా తెలియదు. పైగా ఒక్కో వెంట్రుకకి ఇన్నేళ్ళని ఆయుష్షు ఉంటుంది. అది తీరగానే రాలిపోతుంది. అందుకే ఎవరి జుట్టుకి వాళ్ళ హద్దు ఉంటుంది, ఒకరిది నడుము దగ్గరే ఆగితే మరొకరిది మోకాలు దాటుతుంది. నెలంతా పెరిగినదాన్ని నెలకోసారి నేనే తీసేశాను, అంతే జరిగింది. ఆ పేజీ మూడుసార్లు చదివి ఇంటికొచ్చాను. కత్తెర మళ్ళీ ముట్టుకోలేదు.

నాలుగు నెలల్లో మూడు వేళ్ళు పెరిగింది. కానీ చెయ్యి వేసి చూడడానికి మామ్మ ఒప్పుకోలేదు. అప్పటికే నన్ను దువ్వడం మానేసింది, అమ్మే జడ వేస్తోంది. కొలవమని అడిగితే అటు తిరిగి పడుకునేది. ఒకసారి జడ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. కాసేపు అలాగే ఉంచి, పసిపిల్లని దించినట్టు మెల్లిగా పక్కకి దించింది. పెరిగింది మామ్మా అన్నాను. నా మనసు కష్టపెట్టకూడదని అంటున్నావు అంది. కత్తెర సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే దేవుడు చెయ్యి తీసుకోలేదని తెలుస్తుంది, మనవరాలు ఏడాదిపాటు మోసం చేసిందనీ తెలుస్తుంది. రేపు చెబుదాం అనుకున్నాను. చాలాసార్లు అనుకున్నాను.

తర్వాత నా జుట్టు ఇంకొక బెత్తెడు పెరిగి, నడుం కిందికి వచ్చి దానంతటదే ఆగిపోయింది. కత్తెర ముట్టకుండా మామ్మ చేతికే వదిలేసినా మోకాళ్ళ దాకా ఎప్పటికీ వచ్చేది కాదు. ఈ సంగతి చెబుదామన్నా అప్పటికి ఆవిడ లేదు.

మామ్మ పోయిన ఏడు, వానాకాలంలో ఆవిడకి జ్వరం పట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి నాన్న ఆటో పిలవడానికి వెళ్ళాడు. అమ్మ బట్టలు సర్దుతోంది. ఆ పొద్దున ఎలాగైనా చెప్పేయాలని తల విరబోసుకుని, దువ్వెన పట్టుకుని మంచం పక్కన కింద కూర్చున్నాను. దువ్వెన ఆవిడ చేతిలో పెట్టాను. వేళ్ళు కాలిపోతున్నాయి. దువ్వెన పళ్ళు ఒకసారి తడిమి చూసి, తిరిగి నా చేతిలోనే పెట్టేసింది.

"మీ అమ్మ సేత దువ్వించుకో తల్లీ. నా సెయ్యి తగిల్తే ఉన్నది కూడా ఊడిపోద్ది."