అల్పజీవి కాదు సార్

మొన్న మా మనవరాలు సైన్సు పుస్తకం పట్టుకొచ్చి, "అవ్వా, యూనిసెల్యులర్ అంటే తెలుగులో ఏమి?" అని అడిగింది. "ఏకకణ జీవి" అన్నాను, గింజల కోసం వలుస్తున్న అనపకాయల మీంచి తలెత్తకుండానే. నాకు ఆ మాట నేర్పింది పుస్తకం కాదు, మా వదిన.

వదినంటే మా మేనమామ కూతురు. ఇద్దరం చంద్రగిరి నుంచి బస్సులో తిరుపతికి వెళ్లి డిగ్రీ చదివేవాళ్లం. బడిలో తెలుగులో చదువుకున్న మాకు కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లీషులో. నేను అర్థం కాకపోయినా బట్టీపట్టి గట్టెక్కేదాన్ని. వదినకు అర్థమైతే తప్ప నోట మాట వచ్చేది కాదు. ఆ పుణ్యాన మొదటి ఏడాది జంతుశాస్త్రం తప్పింది. "మళ్లీ తప్పితే ఇంగ కాలేజీ మాటెత్తొద్దు" అని మామ తేల్చేశాడు.

మళ్లీ ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు మైక్రోస్కోపు కింద పారమీషియం పెట్టి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు. వదినకు తోడుగా వెళ్లిన నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. వదిన మైక్రోస్కోపులోకి చూసి, "ఏకకణ జీవి సార్" అంది.

ఆయన నవ్వాడు. "ఇంత అల్పజీవికి అంత పెద్ద పేరా తల్లీ?"

గదంతా నవ్వింది. వదిన ఏడుస్తుందనుకున్నాను.

"అల్పజీవి కాదు సార్. మనకు తినేదానికి నోరుండాది, నడిచేదానికి కాళ్లుండాయి. దీనికి ఉండేది ఒక్క కణమే. దాంతోనే తింటాది, ఈదతాది, తనే రెండుగా చీలి సంతానమవతాది. అన్ని పనులూ ఒక్కటే చేసుకుంటా ఉంటే అల్పమని ఎట్లంటారు?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత ప్రశ్నలన్నీ తెలుగులోనే అడిగాడు. లేస్తూ, "విషయం వచ్చినదానివి, భాష ఎంతసేపు? అదీ నేర్చుకో" అన్నాడు.

వదిన పాసైంది. మామ టమోటా మండీలో కనబడిన ప్రతివాడినీ ఆపి, "మా పాప సారుకే ఎదురు చెప్పి గెలిచినాదప్పా! ఏదో ఏకాకణమంట!" అని చెప్పుకున్నాడు. మాట సరిగ్గా పలకమని వదిన ఎంత దిద్దినా, ఆయన నోట్లో అది ఏకాకణంగానే ఉండిపోయింది.

ఇంగ్లీషూ నేర్చుకుని, వదిన చిత్తూరులో లెక్చరరైంది. తెలుగులో జవాబు చెప్పే పిల్లను చూసి ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేది కాదు. పోయినేడాది ఆమె రిటైర్మెంటు సభకు వెళ్లాను. పక్కన కూర్చున్నావిడ అడగకముందే, "ఆమె మా వదిన" అని చెప్పేశాను. కాలానికి మా ఇద్దరి జుట్టూ నెరిసింది గానీ, ఆ మాట చెప్పుకునేటప్పటి నా గర్వానికి ఇంకా వయసు మీరలేదు.