ఉస్తాద్ ఆగే మాట

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇంగ్లీషులో నాకు తెలియనిది ఇంగ్లండులో కూడా ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. పాలమూరులో ఎమ్మే ముగించి, కొలువు దొరికేదాకా ఊరికే ఉండటమెందుకని మక్తల్‌లో ఒక దస్తావేజు లేఖరి దగ్గర టైపుకు కుదిరాను. ఆయన్ని ఊరంతా ఉస్తాద్ అనేది. ఇంగ్లీషులో రాయించుకునే ప్రతి కాగితంలో, ఇరువైపులవాళ్ల పేర్లయ్యాక ఆయన 'విట్‌నెసెత్' అని ఒక క్రియ పెట్టేవాడు. ఈ పత్రం సాక్ష్యం పలుకుతోందని అర్థం. (ఆ రూపం చచ్చి మూడు వందల ఏళ్లయిందని నాకు కడుపుమంట.)

ఒకరోజు ఒక అవ్వ తన ఇంటిని మనుమరాలికి గిఫ్టు రాయడానికి ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది కనుక కాగితం ఇంగ్లీషులో కావాలంది. ఇదే అదనని టైపు చేస్తూ ఆ మాట లేపేశాను. ఉస్తాద్ అలవాటు ప్రకారం వరుసవరుసా తెలుగులో చదివి వినిపించాడు, చివరికొచ్చి ఏదో పోగొట్టుకున్నవాడిలా కాగితాలు వెనక్కి తిప్పాడు. సిరా అంటిన వేలిని అవ్వ వెనక్కి తీసుకుంది.

"మా చెల్లె రిజిస్ట్రీ అప్పుడు అడిగినవు. నన్ను అడగవా? గట్లయితే నేను ఏలు ఎయ్య," అంది.

ఆ మాట ఏడవోయిందని ఉస్తాద్ నన్నడిగాడు. నేను పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నాను. 'ఎత్' తోక దక్షిణ ఇంగ్లండుదనీ, ఉత్తరాది 'ఎస్' దిగివచ్చి దాన్ని తరిమేసిందనీ, దస్తావేజులవాళ్లు మాత్రం ఒకరిని చూసి ఒకరు రాస్తున్నారనీ చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"గది నాకెర్క లేదు బేటా. గా మాట కాడ ఆగి, ఇచ్చేటోళ్ల మొఖం చూసి అడుగుమని మా ఉస్తాద్ చెప్పిండు. ఆయనకు వాళ్ల ఉస్తాద్ చెప్పిండంట."

కళ్లద్దాలు తీసి అవ్వ వైపు తిరిగాడు. "ఖుషీతోనే ఇస్తున్నవా అవ్వా?"

"ఖుషీతోనే. గని బతికినన్నాళ్లు ముందటి అర్రల నేనే ఉంట. గది రాసిన్రా?"

రాయలేదు. ముందు గది ముచ్చట ఇంట్లో అనుకున్నదేననీ, కాగితం మీద పెట్టాలని తట్టలేదనీ మనుమరాలు మొహం చిన్నబుచ్చుకుంది. మళ్లీ టైపు చేశాను. అవ్వ గది ఒక వరుసలో, నేను చంపిన మాట దాని పైవరుసలో చేరాయి. అప్పుడు అవ్వ వేలిముద్ర వేసింది.

ఆ క్రియ గురించి ఆ ఎమ్మే పిల్లవాడు చెప్పినదాంట్లో నాకు ఈనాటికీ ఒక్క తప్పు దొరకలేదు. ఎదురుగా కూర్చున్న ముసలామెను ఒక్క మాట అడగాలని మాత్రం వాడికి తోచలేదు. తలచుకుంటే నవ్వొస్తుంది, వెంబడే కొంచెం సిగ్గూ వేస్తుంది.