గీత దాటని గవర్నరు

గవర్నరు ఆంబ్రోస్ టటిల్ గారిది ఒకటే పంతం: రాష్ట్రం ఎల్ల దాటకూడదు. పదవిలోకొచ్చిన రెండేళ్ళలో పొరపాటున కూడా దాటలేదు.

నది అవతలి రాష్ట్రం గవర్నరు విందుకు పిలిస్తే, వంతెన నడుమ ఎల్లగా గీసిన తెల్లగీత దాకా వెళ్ళి, చెయ్యి మాత్రం అటు చాచి కరచాలనం చేసి వెనక్కి తిరిగారు.

"మరి విందో?" అన్నాడు కార్యదర్శి క్విగ్లీ, ఆకలితో నకనకలాడుతూ.

"అక్కడి నీళ్ళు నాకు పడవు."

"ఎప్పుడైనా తాగి చూశారా?"

"పడని నీళ్ళు ఎందుకు తాగుతానయ్యా!"

పత్రికలవాళ్ళు ఆయన్ని గుంజకు కట్టేసినట్టు బొమ్మలు గీశారు. ఆయన వాటిని శుభ్రంగా కత్తిరించి ఆఫీసు గోడకు అంటించుకున్నారు.

ఇంతలో కూతురు కోరా పెళ్ళి వచ్చిపడింది. పెళ్ళి అవతలి ఒడ్డున, పెళ్ళికొడుకు ఊళ్ళో. "నాన్న రాకపోతే ఇక జన్మలో ఆయన గడప తొక్కను" అని కబురంపింది కోరా. తల్లి లేని పిల్ల, అన్నంత పనీ చేస్తుంది. క్విగ్లీకి మూడు రోజులుగా నిద్ర లేదు.

పెళ్ళినాడు, పదవిలో ఆయన తర్వాతి వాడైన లెఫ్టినెంట్ గవర్నరు క్రాండల్ స్వయంగా బండి తెచ్చాడు. "నిశ్చింతగా వెళ్ళిరండి. ఇక్కడ నేను లేనూ!" అంటూ వంతెన దాకా గుర్రమ్మీద వెంటొచ్చాడు.

గీత దగ్గర టటిల్ గారు బండి దిగి ఆగిపోయారు. అవతల పది గజాల దూరంలో పెళ్ళిగౌనులో కోరా, కళ్ళనిండా కోపం. చర్చి గంట మోగుతోంది.

"ఒక్క అడుగండీ! మీకు పుణ్యముంటుంది" అంటూ క్విగ్లీ ఆయన వీపు మీద చెయ్యేశాడు.

"నేనటు అడుగేస్తే ఇటు గవర్నరెవరు?"

"చట్టప్రకారం క్రాండల్ గారు. మీరు తిరిగొచ్చేదాకా."

"ఆయన కోటుజేబు చూడు."

జేబులోంచి నీలి రిబ్బను కట్టిన కాగితం తొంగిచూస్తోంది. గని కార్మికుడు డోలన్‌ను ఉరితీసే తేదీ ఖాయం చేసే ఉత్తర్వు అది. శిక్ష తగ్గించడానికి క్షమాభిక్ష బోర్డు ఒప్పుకోలేదు. సాక్షి అబద్ధమాడాడని నమ్మిన టటిల్ గారు సంతకం పెట్టకుండా రెండేళ్ళుగా నాన్చుతున్నారు. క్రాండల్ మాత్రం గని యజమానులు చెప్పిన చోటల్లా సంతకం పెట్టే మనిషి.

క్విగ్లీ గభాలున ఆయన వీపు మీంచి చెయ్యి తీసేశాడు. రెండేళ్ళుగా ఆయన్ని అటు తోస్తున్నది తనే! సిగ్గుతో పరుగున వెళ్ళి కోరాకు విషయం చెప్పాడు. ఆమె గౌను కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుంది.

"పాస్టరు గారూ, పెళ్ళి వంతెన మీదే! రండి, రండి!"

"అలాగే గాని, పెళ్ళి లైసెన్సు మా రాష్ట్రానిదమ్మా. నువ్వు గీతకు మా వైపే నిలబడాలి" అన్నాడాయన రొప్పుతూ.

అలాగే నిలబడింది. టటిల్ గారు ఇవతలి నుంచి ఒళ్ళంతా సాగదీసి, కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టారు. వెనక క్విగ్లీ ఆయన కోటు రెండు చేతులా పట్టుకుని, "తూలకండి, మీకు దణ్ణం పెడతాను, తూలకండి!" అని అరుస్తున్నాడు. గుర్రమ్మీద క్రాండల్ మొహం కందగడ్డయింది.

"మరి మా ఇంటికెప్పుడొస్తావు నాన్నా?" అంది కోరా, ఏడుస్తూ నవ్వుతూ.

"డోలన్ జైలు నుంచి తన ఇంటికి వెళ్ళిన మర్నాడే, తల్లీ."