పొట్టమీద కెమెరా బ్యాగు

వీపున వేసుకోవాల్సిన బ్యాగును పొట్టమీద వేసుకుని చేపల చెరువుల గట్ల వెంట నడిచే పిల్ల ఎవరని అడిగితే, కొల్లేటి పల్లెల్లో ఎవరైనా ఠక్కున చెబుతారు, నాగరాజు కూతురు కనకమహాలక్ష్మి అని. "ఏమ్మా కనకం, నెలలు నిండాయా?" అని చెరువుల దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించేవారు. పెళ్లికాని పిల్లను అనాల్సిన మాటేనా అది? కనకం మాత్రం పడీపడీ నవ్వేది. "మీరు జారితే చీర తడుస్తుందండీ, నేను జారితే కెమెరా పోద్దండీ" అనేది. వానకు నానిన గట్టుమీద కాలు జారితే మనిషి వెల్లకిలా పడతాడు. వీపున బ్యాగుంటే లోపల ఉన్నవన్నీ పచ్చడే. ఒకసారి అలా పడబోయి తమాయించుకున్నాక ఆ పిల్ల బ్యాగును ముందుకు తిప్పేసుకుంది.

అది షాపులో కొన్న కెమెరా బ్యాగు కాదు. డిగ్రీ చదివేటప్పటి కాలేజీ బ్యాగే. పాత చీరలు మడతలు పెట్టి, బొంత కుట్టినట్టు దట్టంగా కుట్టి, కెమెరాకో గది, లెన్సులకో గది చేసిపెట్టింది మామ్మ అచ్చాయమ్మ. చంటిపిల్లను పడుకోబెట్టినా కదలదని మురిసిపోయింది కూడా.

కనకం ఏలూరులో పాండురంగారావుగారి స్టూడియోలో పనిచేసేది. పెళ్లిళ్లకు ఆయన కెమెరా, లెన్సులు మోసుకెళ్లడం, ఆయన ఫొటోలు తీస్తుంటే పక్కన లైటు పట్టుకోవడం, ఆనక కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బం చేయడం. ఒక్క పెళ్లి తన చేత్తో తీయాలని ఆ పిల్లకు ప్రాణం కొట్టుకుపోయేది. అడిగినప్పుడల్లా "చూద్దాంలేమ్మా" అనేవారాయన. ఆ చూడ్డం ఎప్పటికో ఆ భగవంతుడికే తెలియాలి.

శ్రావణంలో ఆయన ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పేసుకున్నారు. తాడేపల్లిగూడెంలో పెద్ద కల్యాణమండపంలో ఒకటి, కొల్లేటి లంకలో ఒకటి. ఇంక గత్యంతరం లేక కనకాన్ని పిలిచి పాత కెమెరా, ఒక జూమ్ లెన్సు, ఒక చిన్న లెన్సు చేతిలో పెట్టారు.

"లంక పెళ్లి నువ్వు తియ్యమ్మా. బాగా వచ్చిందా, ఇకమీదట నీ పెళ్లిళ్లు నువ్వే తీసుకో. తేడా వచ్చిందా, మళ్లీ కెమెరా మాట నా దగ్గర ఎత్తకు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అచ్చాయమ్మకు బెంగ పట్టుకుంది. ఊరి కళ్లన్నీ మనవరాలి మీద, ఆ కెమెరా మీద పడవూ! కొత్త వల నీళ్లలోకి దిగాలన్నా ఉప్పుతో దిష్టి తీసే ఇల్లు అది. పెళ్లి ముందురోజు సాయంత్రం, కనకం చూడకుండా గుప్పెడు కల్లుప్పు గుడ్డలో మూటకట్టి లెన్సుల గదిలో పెట్టేసింది. చెబితే తీసి పారేస్తుందని చెప్పలేదు.

ఆ రాత్రంతా ముసురు. తెల్లారి చూస్తే లంకకు వెళ్లే రోడ్డు నీళ్లలో ఉంది. కనకం బ్యాగును ఒళ్లో పెట్టుకుని పడవలో వెళ్లింది. పెళ్లింట్లో ఓ మూల కూర్చుని బ్యాగు తెరిచి చెయ్యి పెడితే చల్లగా తడి తగిలింది. గబగబా అన్నీ బయటికి తీసింది. చెమ్మకు ఉప్పు కరిగి, బొంత మడతల్లోకి దిగి, అడుగునున్న జూమ్ లెన్సును తడిపేసింది. అద్దం నిండా తెల్లటి మసక. రింగు తిప్పితే తిరగదు. ఉప్పు మూట చేతికి రాగానే ఎవరి పనో అర్థమైపోయింది. తాడే పామై కరిచినట్టయింది. "నీకు పుణ్యముంటుందే మామ్మా, నా కొంప ముంచావు కదే" అని ఏడుపొక్కటే తక్కువ. పాండురంగారావుగారికి ఫోన్ చేస్తే, పెళ్లి హడావిడిలో ఆయన ఎత్తలేదు.

"ఏమ్మా ఫొటోల అమ్మాయీ, గౌరీపూజకు వేళైంది, రావూ?" అని పెళ్లికూతురి తల్లి మంగమ్మ వచ్చి పిలిచింది.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా? ఉప్పునీళ్లు అందని పై మడతలో ఉండబట్టి చిన్న లెన్సు మాత్రం బతికింది. కెమెరాకు అది తగిలించుకుని లేచింది. దాంతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, అది దూరాన్ని దగ్గరకు లాగలేదు. పాండురంగారావుగారైతే ఎదురుగా స్టూలెక్కి నిలబడి, అక్కణ్నుంచే అందరి మొహాలూ లాగేసేవారు. కనకానికి మొహం కావాలంటే ఆ మొహం దగ్గరకే వెళ్లాలి.

వెళ్లింది. "కాస్త జరగండి పిన్నిగారూ", "ఏమీ అనుకోకండి అత్తా" అంటూ ఆడవాళ్ల మధ్యకు దూరి, పెళ్లికూతురు అలేఖ్య మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. మగవాడైతే కసిరేవారే. ఈ పిల్లకు మాత్రం తలా కాస్త జరిగి చోటిచ్చారు. "ఇదేం పిల్లమ్మా, పెళ్లికొడుక్కి చోటు లేకుండా కూర్చుంది!" అని ఎవరో అంటే పందిరంతా గొల్లుమంది. తలంబ్రాల వేళ సగం బియ్యం కనకం జుట్టులోనే పడ్డాయి. అప్పగింతలప్పుడు, అందరిలో బింకంగా నిలబడ్డ మంగమ్మ ఒక్క క్షణం అటు తిరిగి, పందిరి గుంజకు మొహం ఆనించుకుంది. పక్కనే ఉన్న కనకం మెల్లగా ఒక ఫొటో తీసి, ఆవిడ భుజం నిమిరింది.

ఇంటికెళ్లి లెన్సు చూపించగానే అచ్చాయమ్మ లబోదిబోమంది. "నా చేతులిరగ, నీ నోట్లో మట్టి కొట్టానే తల్లీ!" దారంతా కూడగట్టుకున్న కోపం కనకానికి ఎటు పోయిందో. "ఊరుకో మామ్మా. అది పాడవకపోతే నేనూ స్టూలే ఎక్కేదాన్ని" అని పక్కన కూర్చుంది. అన్నదే గానీ, మర్నాడు స్టూడియో మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఎక్కింది.

"లెన్సును ఉప్పులో ఊరేశారా! అదేమన్నా మాగాయా అమ్మా?" అని పాండురంగారావుగారు కస్సుమన్నారు. విసురుగా కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటోలు తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ నెమ్మదించారు. మంగమ్మ ఫొటో దగ్గర ఆగిపోయారు.

"నేనైతే ఈవిడ ఏడ్చిందని కూడా కనిపెట్టలేకపోదునమ్మా" అన్నారు. తర్వాత, "బాగున్నవి ఏరి పెళ్లివాళ్లకు పంపు" అన్నారు. అంతే. కెమెరా గురించి అవునన్లేదు, కాదన్లేదు. కనకం మళ్లీ ఆల్బం పనిలో కూర్చుంది.

వారం తిరక్కుండానే స్టూడియో ఫోన్ మోగింది. మంగమ్మ. ఆయన స్పీకర్ నొక్కారు.

"మా తమ్ముడి కూతురికి ఓణీల ఫంక్షనండీ. ఫొటోగ్రాఫర్‌గారు కావాలండీ."

"చెప్పండమ్మా, ఫొటోగ్రాఫర్‌నే మాట్లాడుతున్నాను."

"మీరు కాదండీ బాబూ! ఏవీ అనుకోకండి, మా మధ్యలో కూర్చుని తీశారే, ఆవిడండీ."

పాండురంగారావుగారు కనకం వంక చూసి, లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపి ఫోన్ చేతికిచ్చారు. కనకం ఆ కుర్చీలో కూర్చుంది. అవతల మంగమ్మ "ఏవండీ, ఉన్నారాండీ?" అని అడిగింది.

"ఉన్నానండీ. ఫంక్షన్ ఎప్పుడండీ?"