ఎస్తేరు రాణికి మా అమ్మ ముఖం

మా అమ్మ ఆలైడా చేపలు పట్టేవాళ్ల బిడ్డ. తల్లీ తండ్రీ ఒకే జ్వరంలో పోతే హార్లెమ్ ఊరి అనాథాశ్రమంలో పెరిగింది. పెద్దయ్యాక, భార్య పోయిన చిత్రకారుడు యోరిస్ ఇంట్లో పనికి కుదిరింది. ఆయన ఆమెను కిటికీ పక్కన నిలబెట్టి బొమ్మలు వేశాడు. రానురానూ ఇద్దరూ ఒకటయ్యారు. మొదటి భార్య తరఫువాళ్లకు భయపడి నాన్న పెళ్లి మాట వాయిదా వేస్తూనే వచ్చాడు. ఈలోగా నేను పుట్టాను. వీధిలో మా గురించి ఏమనుకునేవాళ్లో నాకు తెలుసు. అమ్మ మాత్రం తలెత్తుకునే నీళ్లకు వెళ్లేది.

ఒక ఏడు అనాథాశ్రమం పెద్దలు తమ సమావేశ గదికి ఎస్తేరు రాణి చిత్రం కావాలన్నారు. పరిశుద్ధ గ్రంథంలో, తన జనాన్ని చంపొద్దని రాజు ఎదుట నిలబడి అడిగిన రాణి. నాన్న అమ్మనే నిలబెట్టాడు. అరువు తెచ్చిన పట్టుగౌనులో, చలికి పళ్లు బిగబట్టి, ఆమె చలికాలమంతా నిలబడింది.

చిత్రం చూడటానికి ఆశ్రమ పెద్ద హుబ్రెక్ట్ దొర మా ఇంటికి వచ్చాడు.

"ఇది నీ ఇంట్లో ఉండే మనిషి మొహం కదయ్యా. మా గోడకి దీన్నెలా పెట్టుకుంటాం? మొహం మార్చు. మిగతాదంతా బాగుంది."

ఆయనకు బీరు పోస్తున్న అమ్మ కూజా కింద పెట్టింది.

"దొరగారూ, మీ ఆశ్రమంలో గంజి తాగి పెరిగినదాన్నే. అప్పుడీ మొహం ఎవరికీ అడ్డు రాలేదు."

"అప్పుడు నువ్విలా బతకలేదు," అని ఆయన టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

నాన్న కుంచె చేతిలోకి తీసుకున్నాడు. "ఒక్క మొహమే కదా ఆలైడా. ఇల్లు గడవాలి."

"మార్చుకో. నీ కుంచె, నీ ఇష్టం. నీకు వండుతా, నీ బట్టలుతుకుతా. బొమ్మకి మాత్రం ఇక నీ ఎదుట నిలబడను."

నాన్న బొమ్మలోని మొహాన్ని ముట్టుకోలేదు. కుంచె కడిగేశాడు.

చిత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇల్లు గడవడానికి అమ్మ సంతలో చేపల బుట్ట పెట్టుకుంది. "రాణీగారూ, మంచివి ఏరి పెట్టండి," అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "రాణి చేతి చేప, అన్నీ మంచివే," అనేది.

నాన్న పోయిన చాలా కాలానికి ఆశ్రమానికి కొత్త పెద్దలు వచ్చి, ఆ చిత్రం ఇమ్మని కబురు పంపారు. అమ్మ స్వయంగా వెళ్లింది.

"మీ గదిలో వద్దు. ఆడపిల్లలు భోంచేసే చోట పెట్టండి. ఎవరి బొమ్మని అడిగితే నా పేరు దాచకండి."

కాస్త గొణిగారు గానీ ఒప్పుకున్నారు.

గోడకెక్కించిన రోజు నేనూ వెంట వెళ్లాను. ఒక పిల్ల చిత్రాన్నీ అమ్మనూ మార్చి మార్చి చూసి, "అవ్వా, నువ్వూ ఇక్కడే పెరిగావా?" అంది.

"ఆ పొయ్యి పక్కన కూర్చునేదాన్ని. గంజి మాడితే ఊరుకునేదాన్ని కాదు."

పిల్లలు పగలబడి నవ్వారు. అమ్మ తల పైకెత్తి తన ముఖాన్నే పరీక్షగా చూసుకుంది. "ముక్కు కొంచెం పెద్దది చేశాడే మీ నాన్న," అని నా చెవిలో అంది.

ఎవరి కూతురివని అడిగితే నేను ముందు చెప్పేది ఆమె పేరే. ఆ మధ్యాహ్నం ఆమె పిల్లల మధ్య బల్ల మీద కూర్చుని, గిన్నెడు గంజి తాగి ఇంటికొచ్చింది.