దిగమన్నదాకా

మొన్న గుడివాడ బస్టాండు ఎదుట ఒక ఫ్లెక్సీ చూశాను. ‘ఆటిజం ఉన్న పిల్లల్ని అర్థం చేసుకుందాం’ అని పైన పెద్ద అక్షరాలు. అక్షరాలకంటే పెద్దగా ఒక ప్రైవేటు బడి కరస్పాండెంటుగారు, నీలం చొక్కాలో, చేతులు జోడించి. వెనకాల ఎండలో ఓ వందమంది పిల్లలు రిబ్బను ఆకారంలో నిలబడి ఉన్నారు. నా పక్కన మా అక్క కూతురుంది. దాన్ని మూడో తరగతి మధ్యలో ఆ బడి నుంచే, ఏమాత్రం అర్థం చేసుకోకుండా పంపేశారు. నేను క్షమించే రకం కాదు. చర్చి ప్రార్థనలో ‘మేము క్షమించినట్టు’ అనే భాగం వచ్చినప్పుడల్లా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటాను. మూడే ఉంటాయి, అయినా జాగ్రత్తగా లెక్కపెడతాను.

అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. బావ ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద ఉండేవాడు. అక్క దీని చదువుకోసం గుడివాడలో అద్దెకుండేది. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నేను వాళ్లింట్లో తిని లావయ్యేవాణ్ణి. పిల్ల మన మొహం చూసేది కాదు, మన చొక్కా గుండీలతో మాట్లాడేది. బడిగంట మోగితే చెవులు మూసుకునేది. పప్పు వెళ్లి కూరకి తగిలితే కంచమే వదిలేసేది. చెప్పిన పని చెప్పినట్టే చేసేది, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. బంధువులు తలా ఒక కారణం కనిపెట్టారు: గారాబం, గాలి, సెల్‌ఫోను. అక్క అత్తగారు ప్రార్థన చేయించడానికి తీసుకెళితే, పాస్టరుగారు చెప్పిన అధ్యాయం నంబరు తప్పని అక్కడికక్కడే సరిదిద్దింది. దాంతో ప్రార్థన ఇంకో అరగంట పొడుగైంది.

ఒకరోజు గంటకి చెవులు మూసుకుని లెక్క రాయడం ఆపిందని లెక్కల టీచరుగారు దాన్ని బెంచీ ఎక్కించారు. దిగమన్నదాకా దిగొద్దన్నారు. పీరియడు అయ్యాక ఆవిడ వెళ్లిపోయారు, దిగమనడం మర్చిపోయారు. తర్వాత వచ్చిన టీచర్లు ఎవరో ఎక్కించిన పిల్ల మనకెందుకని పాఠాలు చెప్పుకుని పోయారు. వ్యాన్‌లో రాలేదని అక్కా నేనూ పరిగెత్తేసరికి ఖాళీ గదిలో, బెంచీ మీద, చేతులు కట్టుకుని ఉంది. క్యారేజీ తెరవలేదు. కాళ్లు వణుకుతున్నాయి.

“దిగమ్మా,” అంది అక్క.

“టీచర్ చెప్పాలి.”

ఫోను చేశాను. టీచరుగారు ముందు కాసేపు నవ్వారు, తర్వాత స్పీకర్లో “దిగు” అన్నారు. అప్పుడు దిగింది.

మర్నాడు కరస్పాండెంటుగారు మా పిల్లకి పొగరన్నారు, తమ బడికి డిసిప్లిన్ ముఖ్యమన్నారు. పొద్దుటి నుంచి సాయంత్రందాకా చెప్పిన మాట మీద నిలబడిన పిల్ల మీ బడిలో ఇంకెవరున్నారండీ అని నేనడిగాను. ఆయనకి జోకులు పడవని తెలిసింది. అక్క మాత్రం నెమ్మదిగా, “మొండితనం కాదండీ. ఎక్కమన్నప్పుడు దిగమని కూడా చెప్పించండి, చాలు,” అంది. అంతకంటే ఏమీ కోరలేదు. ఆయన బల్ల మీది బెల్లు నొక్కారు. టీసీ వచ్చింది. ‘ప్రవర్తన: సంతృప్తికరం’ అని ఉంది. ఆ బడి రాసిన నిజం అదొక్కటే.

ముదినేపల్లి దగ్గర గవర్నమెంటు బడిలో వేశాం. అక్కడికి వారానికోసారి వచ్చే ప్రత్యేక టీచరమ్మ దీన్ని రెండు పూటలు ఊరికే కూర్చుని చూశారు. ఆటిజం స్పెక్ట్రమ్ అన్న మాట మేము మొదట విన్నది ఆవిడ నోటే. డాక్టరుకి చూపించమన్నారు. గంట కొట్టేముందు దానికి చెప్పమని, ఆ రోజు ఏ పనెప్పుడో కాగితం మీద రాసివ్వమని, ఏదైనా అయిపోతే ‘అయిపోయింది’ అని నోరు తెరిచి చెప్పమని క్లాసు టీచరుకి చెప్పారు. ఆయన సణుగుతూనే చేశారు. “పిల్లని మార్చక్కర్లేదమ్మా, మనం చెప్పే తీరు మార్చుకుందాం,” అని ఆవిడంటే అక్క ఏడ్చింది. నేను సమోసాలు తెచ్చాను. పిల్ల బఠానీలన్నీ ఏరి పక్కన పెట్టి తింది.

ఇప్పుడది పదో తరగతి. ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూసింది. తిడుతుందేమో, నేనూ రెండు కలుపుదామని సిద్ధంగా ఉన్నాను.

“మావయ్యా, ఆ పిల్లలకి ఇంక కూర్చోవచ్చని ఎవరైనా చెప్పారా?”

ఫొటో కదే అనబోయి ఆగాను. బస్సొచ్చింది. ఎక్కాక కూడా కిటికీలోంచి వాళ్లనే చూస్తోంది. నా లెక్కలో ఆ బెంచీ సంగతి జరిగి ఏడేళ్లయింది. దానికి మాత్రం, అయిపోయిందని ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఆ రోజు ఇంకా అవుతూనే ఉంది.