పెళ్లిగౌను కోసే ముందు

పాత పెళ్లిగౌన్లు విప్పి వేరే బట్టలు కుట్టడంలో ఆ వీధిలో కత్తెరక్కను మించినవాళ్లు లేరు. ఎవరినీ ఓ పట్టాన నమ్మకపోవడంలోనూ అంతే. ఆరేళ్ల కిందట ఒకావిడ "నా గౌనే, పాపకు ఫ్రాకులు కుట్టు" అంటే కుట్టిచ్చింది. వారం తిరక్కుండా అసలు పెళ్లికూతురు దుకాణం గుమ్మంలో నిలబడి భోరుమంది. గౌను తెచ్చింది ఆమె ఆడపడుచట! అప్పటినుంచి బట్ట ఎవరిదో తేలందే కత్తెరక్క కత్తెర పట్టదు.

ఒక మధ్యాహ్నం రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన, దిండు గలీబులో పెట్టిన పట్టుగౌను తెచ్చి బల్ల మీద ఉంచాడు.

"మూడు జాకెట్లు కావాలమ్మా. ముందువైపు గుండీలుండాలి."

"ఎవరికి బాబాయ్ గారూ?"

"మా ఆవిడకే."

"ఆవిడ రాలేదేం?"

ఆయన వీధివైపు చూశాడు. "రాదమ్మా."

కొలతలు అడిగితే జేబులోంచి కాగితం తీశాడు. అందులో ఒంటి కొలతలు లేవు. గౌనులో ఎన్ని ముక్కలున్నాయో, ఏది ఎన్ని జానలో రాసి ఉంది. కత్తెరక్కకు అనుమానమొచ్చింది. పెళ్లాం గౌను జానలు లెక్కపెట్టే మొగుడు ఎక్కడైనా ఉంటాడా? ఆవిడ ఇల్లొదిలి పోయిందా? అసలు ఉందా?

చిరునామా రాయించుకుని పంపేసింది. మర్నాడు పొద్దున్నే గౌను చంకన పెట్టుకుని మూడంతస్తులెక్కింది. ఆయన సబ్బునురగ చేతులతో తలుపు తీసి, "నువ్వెందుకొచ్చావమ్మా?" అని కంగారుపడ్డాడు. ఆ కంగారుతో ఆమె అనుమానం మరీ ముదిరి, ఆయన్ని తప్పించుకుని లోపలికి నడిచింది.

కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్లో అచేతనంగా పడి ఉంది.

"దర్జీవేనా? ముక్కలన్నీ ఉన్నాయా?" అంది ఆవిడ, పలకరింపైనా లేకుండా.

"పక్షవాతమొచ్చి ఐదు నెలలైంది," అన్నాడాయన వెనకనుంచి. "చెయ్యి లేవదు, తలమీంచి ఏదీ తొడుక్కోలేదు. ఎవరి కంటా పడనంది, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది."

"మరి ఆ కాగితం?"

"నేనే రాయించా," అంది ఆవిడ. "మంచి పట్టు. దర్జీలు సగం నొక్కేస్తారు."

కోపం రావాల్సిన చోట కత్తెరక్కకు నవ్వొచ్చింది. "నేనేమో బాబాయ్ గారు మిమ్మల్నేం చేశారోనని పరిగెత్తుకొచ్చా పిన్నిగారూ!"

"ఈయనా? బొద్దింక కనబడితే మంచమెక్కుతాడు!" ఆవిడ సగం మూతితోనే పకపకా నవ్వింది.

కత్తెరక్క ఆవిడ ఒంటి కొలతలు తీసుకుని, కళ్లెదుటే నేలమీద గౌను పరిచి కోసింది. మిగిలిన పేలికలు సైతం చూపించింది. ఎడమచేతి వేళ్లకు అందేలా పెద్ద గుండీలు పెట్టి కుట్టి, మొదటి జాకెట్టు తనే తెచ్చింది. ఆవిడ పావుగంట తంటాలుపడింది. పై గుండీ రెండుసార్లు జారింది. సాయానికి వంగిన మొగుణ్ని ఒక్క చూపుతో ఆపింది. చివరికి పెట్టుకుని, మెడ సర్దుకుని అంది:

"ఏవండీ, పక్కింటావిణ్ని ఓసారి రమ్మనండి."